ఎంగిలి చెయ్యి

మా అన్న వెంకటేశులుకు అబద్ధం చెప్పడం చేతకాదని మా వాళ్లందరూ అంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని, ఆ శుక్రవారం పొద్దున కొత్తచెరువులో బస్సు దిగేదాకా.

అంతకు వారం ముందు ధర్మవరంలో నా గదికి వచ్చి, "పుట్టపర్తిలో ఒక చీరల అంగడాయన ఉండాడు పుష్పా. నేసేవాళ్లకే నేరుగా పట్టు ఇచ్చి నేపిచ్చుకుంటాడంట. నీ పని చూపిచ్చి మాట్లాడుకోని వద్దాం రా" అన్నాడు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. నా మొగుడు పాము కరిచి పోయినప్పటి నుంచి ఒకరి మగ్గం మీద కూలికి నేస్తున్నాను. ఒక గది, ఒక పొయ్యి, నేను, మూడో తరగతి చదివే నా కూతురు అరుణజ్యోతి. నేరుగా పట్టు ఇచ్చేవాడు దొరికితే ఒక మగ్గం నా గదిలోనే వేసుకోవచ్చు. బిడ్డ బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండొచ్చు. నాకు కావలసింది అంతవరకే.

"మంచి చీర కట్టుకో" అని కూడా చెప్పిపోయాడు. చీరల అంగడికి పోతూ పాత చీర ఎవరు కట్టుకుంటారు? నేను నేసిన జాకెట్టు ముక్క ఒకటి మడిచి సంచిలో పెట్టుకున్నాను. బిడ్డకు సద్ది కట్టి, సాయంత్రం బడి వదిలే వేళకు నేనే వస్తానని చెప్పి, నేను మాత్రం ఏమీ తినకుండా బస్సెక్కాను.

కొత్తచెరువులో పుట్టపర్తి బస్సుకు మారాలి. దిగగానే అన్న "ముందర టిఫిను చేద్దాం" అన్నాడు. నాలుగు రోడ్ల దగ్గరే చిన్న హోటలు. ముందు గల్లాపెట్టె, దాని పైన గోడగడియారం, అద్దాల పెట్టెలో మిరపకాయ బజ్జీలు. మగవాళ్లు బయటి బెంచీల మీద తింటారు. ఆడవాళ్లు వస్తే లోపల ఫ్యామిలీ రూము. రూమంటే ఏమీ లేదు. వంటింటి గోడకు ఆనించి మనిషి ఎత్తు చెక్క అడ్డం, ముందర ఒక పూల కర్టెను. లోపల ఒక టేబులు, అటొక బెంచీ, ఇటొక బెంచీ. గోడవైపు కూర్చున్న మనిషి బయటికి రావాలంటే పక్కవాళ్లంతా లేవాలి. అన్న నన్ను గోడవైపుకు పంపించి తను పక్కన కూర్చున్నాడు.

ఎదురు బెంచీ మీద అప్పటికే ఒక పెద్దామె, ఒక మగమనిషి ఉన్నారు. బస్సు కోసం ఆగినవాళ్లేమో అనుకున్నాను. అంతలో మా దూరపు చుట్టం రామప్ప మామ కర్టెను ఎత్తుకుని వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. ఊరికొక సంబంధం చంకలో పెట్టుకుని తిరిగే మనిషి ఆయన. ఆయన్ను చూసినప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. కానీ ఆకలిగా ఉంది, వంటింట్లోంచి దోశ కాలుతున్న వాసన వస్తోంది.

ఎవరూ చెప్పకుండానే దోశ వచ్చింది, నాకొక్కదానికే. హోటల్లో కూర్చుని వేడి దోశ తినడం నాకు అంతవరకూ తెలియదు. ఎప్పుడైనా కొన్నా పొట్లమే. ఇంటికి తెచ్చేసరికి అది చెమట పట్టి, కాగితానికి అంటుకుని ఉండేది. ఇది అంచుల్లో కరకరలాడుతోంది. "నువ్వు తినవా అన్నా?" అంటే "నాకిప్పుడు వద్దులే" అన్నాడు. సరే అనుకుని సగం దాకా తిన్నాను.

అప్పుడు ఎదురుగా ఉన్న పెద్దామె రామప్ప మామ వైపు తిరిగింది. "తినింది గదప్పా. ఇంక మాటేముండాది" అంది.

నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. సంబంధం మాట్లాడుకునేటప్పుడు, మాట కుదిరేదాకా అవతలివాళ్లు పెట్టించింది ముట్టరు. తిన్నారంటే ఒప్పుకున్నట్టే. మారు మనువులకు ఇంటికి రావడాలు, పదిమందికి చెప్పడాలు ఉండవు కాబట్టి ఈ పద్ధతి కాస్తా హోటలుకు వచ్చి చేరింది. రెండు ఊర్ల మధ్య ఎక్కడో కలుస్తారు. మగవాళ్ల తరఫున ఒక టిఫిను పెట్టిస్తారు. ఆడమనిషి తింటే సరే, పక్కకు నెట్టేస్తే ఎవరి బస్సు వాళ్లది. నెట్టేయడానికి సంగతేమిటో నాకు తెలియాలి కదా.

"ఏందన్నా ఇది?" అన్నాను.

అన్న నా ముఖం చూడలేదు. చెప్పినదంతా రామప్ప మామే. ఆ పెద్దామె మారెక్క. నల్లమాడ పక్కన సేద్యం. ఆ మగమనిషి ఆమె కొడుకు జయరాం. భార్య కాన్పులో పోయింది, ఇద్దరు ఆడపిల్లలు. ఇంట్లో మంచం పట్టిన తండ్రి. వంట చేయాలి, పిల్లల్ని చూడాలి, ముసలాయన్ను లేపి కూర్చోబెట్టాలి.

"మరి నా బిడ్డ?"

"దానికేం తక్కువ? మేనమామ కాడ ఉంటాది" అన్నాడు రామప్ప మామ. "ఏం వెంకటేశులూ?"

అన్న తల ఊపాడు. అంటే ఇది ఈరోజు మాట కాదు, ముందే అనుకున్నారు. నా బిడ్డను ఎక్కడ పెట్టాలో నాకు తెలియకుండా పంచుకున్నారు. నాకు వచ్చిన కోపానికి ఆ టేబులు ఎత్తి పడేయాలనిపించింది. అది నేలకు బిగించి ఉంది.

"నాకిష్టం లేదు" అన్నాను.

"తినకముందర చెప్పల్ల ఆ మాట" అన్నాడు రామప్ప మామ.

అన్న నా చెవి దగ్గర గొణిగాడు. "వానలు లేవు, పనులు లేవు. రేపు నాకేమన్నా అయితే నిన్నెవరు చూస్తారు? పదిమందిలో నా పరువు తీయొద్దు పుష్పా." నా గది ఆయన పేరు మీద తీసుకున్నది. ఒంటరి ఆడదానికి ఎవరూ ఇవ్వకపోతే ఆయన వెళ్లి మాట్లాడి ఇప్పించాడు. అమ్మా నాయనా లేరు. ఆయన్ను కాదని లేచి పోతే ధర్మవరంలో నాకు తలుపు తెరిచేవాళ్లు లేరు. అది ఆయనకూ తెలుసు. లేచి పోదామన్నా దారి లేదు. ఇటు గోడ, అటు అన్న, ఆయన అవతల రామప్ప మామ.

మారెక్క సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు తీసింది. వక్కలు, రెండు అరటిపండ్లు, ఒక రవిక గుడ్డ. "పదిన్నరకు రాహుకాలం వస్తాది. ఆలోగా ఇచ్చుకుందాం. పో తల్లీ, చెయ్యి కడుక్కోని రా" అంది. మారు మనువులో తాంబూలం మగమనిషి తన చేత్తో ఆడమనిషి చేతిలో పెట్టాలి. పెట్టాడంటే అయిపోయినట్టే, ఆ పైన కాదంటే కులంలో తలెత్తుకోలేరు. అయితే ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి రెండూ ఎంగిలి లేకుండా శుభ్రంగా ఉండాలి. అందుకే జయరాం ఆ పొద్దంతా నీళ్లు కూడా ముట్టకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను నా చెయ్యి చూసుకున్నాను. వేళ్లకు చట్నీ, దోశ ముక్క. కర్టెను సందులోంచి గడియారం చూశాను. పదింపావు కూడా కాలేదు.

కర్టెను అవతల సప్లయర్ పోతున్నాడు. హనుమంతప్ప అని గల్లాపెట్టె దగ్గర పిలుస్తుంటే విన్నాను. "హనుమంతన్నా, ఇంకా ఏముండాయి?" అని అడిగాను.

అతను ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. "ఇడ్లీ వడ పూరీ మసాలా దోశ సెట్ దోశ ఉగ్గాని బజ్జి చిత్రాన్నం."

"ఉగ్గాని బజ్జి తే."

అన్న నా కాలు తొక్కాడు. నేను మిగిలిన దోశను చిన్న చిన్న ముక్కలు చేసుకుని ఒక్కొక్కటే తిన్నాను. ఉగ్గాని వచ్చింది. నానిన బొరుగులు, పసుపు, పైన పప్పుల పొడి. పక్కన రెండు బజ్జీలు. హనుమంతప్ప అలవాటుగా స్పూను వేసి ఇచ్చాడు. స్పూను తీసి అతనికే ఇచ్చేశాను. స్పూనుతో తింటే చెయ్యి ఆరిపోదూ? నిండా కలిపి తిన్నాను. బజ్జీలో మిరపకాయ కారం నషాళానికి అంటింది, కళ్లు నీళ్లు కారాయి. ఏడుస్తున్నాననుకుని అన్న కాస్త మెత్తబడ్డాడు. నేను ఏడవడం లేదు. గడియారం చూస్తున్నాను.

"కడుక్కోమ్మా" అంది మారెక్క.

"హనుమంతన్నా, పూరీ" అన్నాను.

పూరీ అయ్యేసరికి నా కడుపు నిండింది. అయినా వడ చెప్పాను. వడను సాంబారులో ముంచి, నానబెట్టి, పిసికి, మళ్లీ ముంచి, చెయ్యి మాత్రం తీయకుండా కూర్చున్నాను. అన్నకు తల కొట్టేసినట్టయింది. "ఎప్పుడూ ఇట్ల తినదక్కా. ఈ పొద్దు ఏమైందో" అన్నాడు మారెక్కతో.

ఇంత తిండిపోతును ఈ కరువులో ఎవరు తీసుకుపోతారు, ఈమే వద్దంటుంది అని నాకప్పుడు కొత్త ఆశ పుట్టింది. ఇంకో వడ చెప్పాను.

మారెక్క నన్ను ఎగాదిగా చూసింది. ముఖంలో కోపం లేదు. "తిననీప్పా" అంది. "సంతలో ఎద్దును పట్టేటప్పుడు మేమేం చేస్తాం? ముందర గడ్డి ఏసి చూస్తాం. నోటికి హితం లేని గొడ్డు ఏం దున్నుతాది? ఇంత తినే మనిషి ఇల్లు ఎత్తుతాది. నాకు బాగా నచ్చింది."

ఆ ఆశ అంతటితో సరి. నేను తప్పించుకోవడానికి తిన్న తిండే నాకు మార్కులు తెచ్చిపెట్టింది. పొలాల్లో పని చేసి బిగుసుకుపోయిన ఆమె చేతులు చూస్తే, ఆమె అన్న మాటలో ఎగతాళి లేదని తెలిసింది. నిజంగానే మెచ్చుకుంది. అందుకే నాకు భయం వేసింది.

పదిన్నర అయింది. మారెక్క తమలపాకులు మళ్లీ తడిగుడ్డలో చుట్టేసింది. "పన్నెండు దాటినాంక ఇచ్చుకుందాం. పన్నెండున్నరకు మా బస్సు. అది పోతే మళ్లా సాయంత్రమే, ఆడ ముసలాయన ఒక్కడే ఉండాడు" అంది. రాహుకాలంలో బయటికి అడుగు పెట్టరు కాబట్టి ఎవరూ లేవలేదు. చెయ్యి కడుక్కోవడానికి కూడా నేను లేవలేదు.

కాసేపటికి టిఫిన్లు అయిపోయాయి. పెనం దింపేశారు. కరెంటు పోయింది. చెక్కల మధ్య ఐదుగురం, మోకాళ్లకు మోకాళ్లు తగులుతున్నాయి. వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్నారు, కళ్లు మండుతున్నాయి. తిన్నదంతా కడుపులో రాయిలా కూర్చుంది. చెమట వీపు మీద కారుతోంది. నా బిడ్డ ఇంకాసేపటికి బడిలో సద్ది విప్పుకుంటుంది, సాయంత్రం నా కోసం గేటు దగ్గర నిలబడుతుంది అనుకుంటే ఆ చెక్కలు ఇంకా దగ్గరికి వచ్చినట్టయింది.

"ముందే నాకెందుకు చెప్పలేదన్నా?" అని అడిగాను.

"చెప్తే వస్తావా?"

"రాను."

"అందుకే."

మారెక్క వైపు తిరిగాను. "నా బిడ్డను ఇడిసి నేను రానమ్మా. దాన్నీ తోడుకోని రమ్మంటే అది ఏరే మాట."

ఆమె తడిగుడ్డ మూటను పక్కకు జరిపింది. "కాలం బాగుంటే నేను కాదనేదాన్ని కాదు తల్లీ. బోరు ఎండిపోయి రెండేండ్లాయ. ఉన్న ఇద్దరికే సంగటి సాలదు. మూడో నోటికి యాడ తెచ్చేది? దానికి మేనమామ ఉండాడు. మా పిల్లోళ్లకు ఎవరుండారు?" అంది.

ఆమె చెడ్డదైతే నాకు తేలికగా ఉండేది. తిట్టేదాన్ని. జయరాం మాత్రం టేబులు మీద పడిన ఒక బొరుగు గింజను చూస్తూ కూర్చున్నాడు. మనిషా బొమ్మా అని విసుగొచ్చింది.

"నువ్వేమంటావప్పా?" అని నేనే అడిగాను. "నీ బిడ్డల్ని ఇడిసిపెట్టి రమ్మంటే నువ్వు వస్తావా?"

రామప్ప మామ గొంతు సవరించుకున్నాడు. "ఆడోళ్లు అట్ల అడగరాదు" అన్నాడు. జయరాం తలెత్తి నన్ను చూశాడు. మళ్లీ దించుకున్నాడు.

పన్నెండు కొట్టింది. హనుమంతప్ప విస్తరాకులు పట్టుకుని వచ్చాడు. మీల్స్ వేళకు కూర్చున్నవాళ్లందరికీ ఆకు వేయడం అతనికి అలవాటు. ఎవరినీ అడగకుండా అందరి ముందూ వేసి, అన్నం, పప్పు వడ్డించుకుంటూ పోయాడు. మారెక్క తడిగుడ్డ విప్పింది.

నాకు ఉన్న దారి ఒక్కటే. ఆరిపోయిన చెయ్యిని పప్పన్నంలో పెట్టి ఒక ముద్ద కలిపాను. నోటి దాకా ఎత్తాను. కడుపులోంచి దోశ, పూరీ, వడ అన్నీ ఒక్కసారిగా పైకి తన్నాయి. ముద్ద ఆకులోనే జారిపోయింది. ఇంకొకసారి ఎత్తాను. చెయ్యి లేవలేదు. నోరు తెరుచుకోలేదు. పొద్దున నుంచి నన్ను కాపాడిన ఒళ్లే నా మాట వినడం మానేసింది.

అన్న చూశాడు. ఇంక ఓర్చుకోలేకపోయాడేమో, నా ముంజేయి గట్టిగా పట్టుకున్నాడు. గ్లాసు ఎత్తి నా చేతి మీద, ఆ అన్నంలోనే, నీళ్లు పోశాడు. వేళ్ల సందుల్లో తన వేళ్లు పెట్టి రుద్ది రుద్ది కడిగాడు. చిన్నప్పుడు అన్నం తినిపించి నా చెయ్యి, మూతి కడిగింది ఆయనే. ఆ చేత్తోనే ఇప్పుడు ఇలా కడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఈసారి నిజంగానే ఏడ్చాను. తన తువాలుతో తుడిచి, నా చేతిని తెరిచి, టేబులు మీద అలాగే పట్టుకున్నాడు.

"ఇప్పిచ్చక్కా" అన్నాడు.

మారెక్క ఆకులు, వక్కలు, పండ్లు, రవిక గుడ్డ పేర్చి కొడుకు ముందుకు జరిపింది. "తీసుకో. ఇయ్యి" అంది.

జయరాం ఆ తాంబూలాన్ని చూశాడు. అన్న పట్టుకున్న నా చేతిని చూశాడు. ఒళ్లో నుంచి కుడిచెయ్యి తీశాడు. నేను కళ్లు మూసుకున్నాను. చేతిలో చల్లగా ఆకు తగులుతుందని ఎదురుచూశాను.

ఏమీ తగలలేదు. కళ్లు తెరిస్తే అతను తన ముందున్న విస్తట్లో పప్పన్నం కలుపుతున్నాడు. ఒక పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాడు.

"ఏం పనిరా ఇది" అంది మారెక్క.

"ఆకలైతాందిమ్మా. పొద్దున్నుంచి ఏమీ తినలా" అన్నాడు. ఆ పొద్దు అతని గొంతు వినడం నాకు అదే మొదలు. "చెయ్యి ఎంగిలైపాయ."

"లేచి కడుక్కోని రా."

"తినేసి కడుక్కుంటా." హనుమంతప్పను పిలిచి సాంబారు పోయించుకున్నాడు. తర్వాత చారు. అన్నం మళ్లీ పెట్టించుకున్నాడు. ఒక్కో మెతుకూ నమిలి నమిలి తిన్నాడు. మజ్జిగ అన్నంలోకి ఊరగాయ అడిగాడు. పొద్దున్నుంచి నేను చేసినదంతా తల దించుకునే చూశాడన్నమాట. మారెక్క అతని ముఖం, నా ముఖం మార్చి మార్చి చూసింది. రామప్ప మామ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. బయట నల్లమాడ బస్సు హారన్ కొట్టింది. ఆమె తాంబూలాన్ని తనే మళ్లీ గుడ్డలో చుట్టుకుని లేచింది.

అందరూ లేచాకే నాకు ఆ బెంచీ నుంచి దారి దొరికింది. చేతులు కడిగే తొట్టి హోటలు వాకిట్లో ఉంది. నేను ముఖం కడుక్కుంటుంటే జయరాం పక్కన నిలబడి చెయ్యి కడుక్కున్నాడు.

"పాపను ఈ పొద్దు బడి నుంచి ఎవరు పిల్చుకొస్తారు?" అని అడిగాడు.

అంతసేపు అంతమంది నా బతుకు గురించి మాట్లాడారు. ఈ మాట ఎవరూ అడగలేదు.

"నేనే" అన్నాను.

"అయితే బిరీన పో" అని, అతను బస్సెక్కాడు.

మా బస్సు మూడు దాటాక గానీ రాలేదు. ధర్మవరం బస్టాండులో దిగాక అన్న నాతో అన్నాడు. "ఇది కాకపోతే ఇంగో సంబంధం తెస్తా. ఎన్ని హోటళ్లలో తింటావో నేనూ చూస్తా." బెదిరింపు అనుకోవాలో, బాధ్యత అనుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నంత పనీ చేసేవాడే. పుట్టపర్తి అంగడాయన మాట నేనూ ఎత్తలేదు.

బడి గేటు దగ్గర నుంచి అందరు పిల్లలూ వెళ్లిపోయారు. అరుణజ్యోతి ఒక్కతే సంచి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పరిగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుంది. వెంటనే ముక్కు ఎగబీల్చింది.

"బజ్జీల వాసనొస్తాంది. హోటల్లో తింటివా?"

"తిన్నా."

"ఏమేం తింటివి?"

దాని దగ్గర అబద్ధమాడలేను. దోశ, ఉగ్గాని బజ్జి, పూరీ, వడ అని చెప్పాను. దాని కళ్లు పెద్దవయ్యాయి. నా సంచి తీసుకుని లోపల చెయ్యి పెట్టి వెతికింది. జాకెట్టు ముక్క తప్ప ఏమీ లేదు.

"నాకేమీ తేలేదా?"

పొద్దున్నుంచి పొట్ట పగిలేట్టు తిన్నాను. హనుమంతప్పను అన్ని సార్లు పిలిచాను. ఒక్క ఇడ్లీ పొట్లం కట్టించుకోవాలని ఒక్కసారి కూడా తోచలేదు. నా తలను గోడకు కొట్టుకోవాలనిపించింది. దాని ముందు అక్కడే మోకాళ్ల మీద కూర్చున్నాను.

"నీ కోసమే తిన్నానే" అన్నాను.

అది నమ్మలేదు. నా కొంగు వదిలేసి, సంచి నా చేతికి ఇచ్చేసి, ఇంటి దాకా నాకు ముందు ముందుగా ఒక్కతే నడిచింది.